నవాహో నేల మీద బ్లడ్ క్యాన్సర్: కారణం ఒక ప్రశ్న, వైద్యం ఇంకో ప్రశ్న

అమెరికా ఆదివాసీ తెగ నవాహోల భాషలో క్యాన్సర్‌కు పాతకాలం నుంచి వస్తున్న పేరంటూ లేదు. ఆసుపత్రుల్లో దుభాషీలు వాడే మాటకు అర్థం ‘మానని పుండు’. చర్మానికో రొమ్ముకో వచ్చే క్యాన్సర్‌కి ఆ మాట ఎలాగో సరిపోతుంది. రక్త క్యాన్సర్ అయిన లుకేమియా దగ్గరికి వచ్చేసరికి పుండు ఏదని చూపిస్తారు? గడ్డ ఉండదు, గాయం ఉండదు. నీరసం, వచ్చిపోయే జ్వరం, చిగుళ్ళలో రక్తం, దెబ్బ తగలకుండానే కమిలే చర్మం, చివరికి ల్యాబ్ కాగితం మీద ఒక అంకె. ఆ అంకె పేరే జబ్బు.

అదే భాషలో యురేనియానికి మాత్రం సూటిగా ఒక పేరుంది: లీట్సో, అంటే పసుపు మట్టి. అమెరికాలో అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల మీదుగా పరుచుకున్న నవాహో నేషన్‌లో 1944 నుంచి 1986 వరకు దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. తొలి రెండు దశాబ్దాలూ దాన్ని కొన్నది అమెరికా ప్రభుత్వం ఒక్కటే, అణ్వాయుధాల కోసం. గనులు మూతపడ్డాక 500 పైచిలుకు గోతులూ గుట్టలూ అలాగే మిగిలాయి. కూలికి వెళ్ళిన నవాహో మగవాళ్ళు గని గోడల నుంచి కారే నీళ్ళు తాగారు, దుమ్ము బట్టలతోనే ఇంటికి వచ్చారు. గని పక్కన పడేసిన రాళ్ళతో కొందరు ఇళ్ళు కట్టుకున్నారు. ఆ రాళ్ళలో ఏముందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళు లేక కాదు. 1950లోనే అమెరికా ప్రజారోగ్య శాఖ గని కార్మికుల మీద అధ్యయనం మొదలుపెట్టింది. కార్మికులను పరీక్షించారు కానీ, ముప్పు ఉందన్న సంగతి వాళ్ళ చెవిన వేయలేదు.

ఈ విషయం మీద ఏం చదివినా రెండు ప్రశ్నలు కలగాపులగమై కనిపిస్తాయి. ఆ గనులూ ఆ నీళ్ళూ అక్కడి రక్త క్యాన్సర్లకు కారణమా అన్నది మొదటిది. కారణం ఏదైనా కానీ, జబ్బుపడ్డ మనిషికి వైద్యం అందుతోందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు నిజంగానే కష్టం. రెండోది అంత కష్టం కాదు. మొదటిది తేలలేదు కదా అని రెండోదాన్ని కూడా పెండింగ్‌లో పెట్టేయడమే అసలు చిక్కని నాకనిపిస్తుంది. విడదీసి చూద్దాం.

రక్తకణాలు పుట్టేది ఎముకల లోపలి మూలుగలో. అక్కడ కణాలు రాత్రీ పగలూ విభజన చెందుతూనే ఉంటాయి. కాబట్టి డీఎన్‌ఏకి తగిలిన దెబ్బ మిగతా అవయవాల్లోకన్నా అక్కడ తొందరగా బయటపడుతుంది. హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడ్డవాళ్ళలో మిగతా క్యాన్సర్లకన్నా చాలా ముందే లుకేమియా కేసులు పెరిగాయి. బాంబు అంటే ఒక్కసారిగా తగిలిన పెద్ద మోతాదు. మరి కొద్దికొద్దిగా తగిలితే? ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా అణు పరిశ్రమల్లో పనిచేసిన 3,08,297 మంది రికార్డులు తిరగేసిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. ఏళ్ళ తరబడి సన్నగా తగిలిన రేడియేషన్‌తో కూడా లుకేమియా ముప్పు పెరుగుతుందని అది తేల్చింది.

ఇక్కడిదాకా విని, అయితే ఇంకేం, గని వల్లే లుకేమియా అని తీర్మానిస్తే తొందరపాటే. గనిలో మనిషిని ప్రధానంగా దెబ్బతీసేది రేడాన్ వాయువు, దాని నుంచి పుట్టే పదార్థాలు. అవి వదిలేది ఆల్ఫా కణాలను. ఆల్ఫా కణం కాగితాన్ని కూడా దాటలేదు, కానీ ఊపిరితో లోపలికి వెళ్తే అక్కడి కణజాలాన్ని చాలా దగ్గర నుంచి కాలుస్తుంది. అందుకే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో గనికున్న సంబంధం గట్టిగా రుజువైంది. సిగరెట్ ముట్టని నవాహో గని కార్మికులకు కూడా అది వచ్చింది. మూలుగకు చేరే మోతాదు అంతకన్నా చాలా తక్కువ. అలాగని సున్నా కాదు. ఖనిజపు గోడల నుంచి వచ్చే గామా కిరణాలు శరీరమంతా తగులుతాయి. రేడియంని శరీరం కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. చెక్ దేశపు యురేనియం గని కార్మికుల మీద జరిగిన ఒక అధ్యయనంలో రేడాన్‌కీ లుకేమియాకీ సంబంధం కనిపించింది. మిగతా చోట్ల అంత స్పష్టంగా కనిపించలేదు.

గనిలోకి దిగనివాళ్ళ సంగతి వేరే. వాళ్ళకు యురేనియం చేరేది ముఖ్యంగా నీళ్ళ ద్వారా. నవాహో ఇళ్ళలో మూడింట ఒక వంతుకు దగ్గరగా నేటికీ కుళాయి లేదు. పశువుల కోసం తవ్విన బావుల నుంచో, దూరాన ఉన్న నీటి కేంద్రం నుంచో పికప్ ట్రక్కులో డ్రమ్ములు తెచ్చుకుంటారు. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములకు మించి యురేనియం, 10 మైక్రోగ్రాములకు మించి ఆర్సెనిక్ ఉండకూడదని అమెరికా నిబంధన. ఎవరి అజమాయిషీ లేని ఈ బావుల్లో కొన్నిటిలో అవి ఆ హద్దులు దాటాయి. నీళ్ళలో కరిగిన యురేనియం ముందు పాడుచేసేది మూత్రపిండాలను, అదీ రేడియేషన్‌తో కాదు, సీసం లాంటి భారలోహంగా.

అక్కడి నేలలో యురేనియం ఒంటరిగా ఉండదు, ఆర్సెనిక్ తోడుంటుంది. ఒక్కో విషాన్ని విడిగా ల్యాబ్‌లో పరీక్షించి ‘ఇంతవరకు ఫర్వాలేదు’ అనే పద్ధతి ఇక్కడే తడబడుతుంది. మన కణాల్లో దెబ్బతిన్న డీఎన్‌ఏని అతుకువేసే ప్రొటీన్లలో కొన్నిటికి జింక్ చీల లాంటిది. ఆర్సెనిక్, యురేనియం ఆ జింక్‌ని పక్కకు నెట్టేస్తాయని యూనివర్సిటీ ఆఫ్ న్యూ మెక్సికో పరిశోధకులు చూపించారు. అంటే ఇవి స్వయంగా చేసే నష్టం అలా ఉంచితే, ఎండ వల్లో పొగ వల్లో జరిగిన నష్టాన్ని బాగుచేసుకునే శక్తి కూడా తగ్గుతుంది. జింక్ మాత్రలు ఇస్తే ఉపయోగం ఉంటుందేమో చూసే ట్రయల్‌ని కూడా నవాహోలతో కలిసి వాళ్ళే మొదలుపెట్టారు. తమాషా ఏమిటంటే, ఇదే ఆర్సెనిక్‌తో చేసిన ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ అనే మందు ఒక రకం లుకేమియాకి నేడు ప్రధాన చికిత్స.

నిజానికి లుకేమియాతో సంబంధం బాగా రుజువైన రసాయనం ఈ రెండూ కాదు, బెంజీన్. చమురు, గ్యాస్ బావుల దగ్గరా, బొగ్గు, కట్టెల పొగలోనూ అది ఉంటుంది. నవాహో ఇళ్ళలో చలికాలం బొగ్గు పొయ్యిలు మండుతుంటాయి, ఆ చుట్టుపక్కల గ్యాస్ బావులున్నాయి. వార్తల్లోకి ఎక్కేది మాత్రం యురేనియమే.

ఇవన్నీ కలిపి చూస్తే అక్కడి రక్త క్యాన్సర్లకు ఇదే కారణమని వేలెత్తి చూపలేం. అయితే ‘రుజువు కాలేదు’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. వెతికాం, లేదు అన్నది ఒకటి. వెతికే సాధనానికే అది కనిపించదు అన్నది ఇంకొకటి. ఈ రెండో అర్థానికి కెనడాలో ఒక ఊరు ఉదాహరణగా నిలిచింది.

ఆల్బర్టా రాష్ట్రంలో, తారు ఇసుక నుంచి చమురు తీసే ప్రాంతానికి దిగువన, అథబాస్కా నది చేరే సరస్సు ఒడ్డున ఫోర్ట్ చిపెవయన్ ఉంది. క్రీ, డెనే, మెటీ ప్రజలుండే ఊరు, జనం వెయ్యి మంది. అక్కడ వైద్యం చేస్తున్న జాన్ ఓ’కానర్ అనే డాక్టర్, ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని అరుదైన క్యాన్సర్లేమిటని 2006లో బయటికి చెప్పాడు. ప్రభుత్వ వైద్యాధికారులు ఆయన అనవసరంగా జనాన్ని భయపెడుతున్నాడని మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదుల నుంచి ఆయన బయటపడటానికి 2009 దాకా పట్టింది. అదే ఏడాది ఆల్బర్టా క్యాన్సర్ బోర్డు నివేదిక వచ్చింది. 1995 నుంచి 2006 వరకు ఆ ఊళ్ళో 39 క్యాన్సర్లు రావచ్చని అంచనా, వచ్చినవి 51. పిత్తనాళ క్యాన్సర్‌తో పాటు రక్తానికీ లింఫ్ వ్యవస్థకూ సంబంధించిన క్యాన్సర్లు కూడా అనుకున్నదానికన్నా ఎక్కువగానే ఉన్నాయి.

39కీ 51కీ ఉన్న తేడా పెద్దదా, చిన్నదా? 39 రావాల్సిన చోట 33 రావచ్చు, 45 కూడా రావచ్చు. అది మామూలు ఊగిసలాట. 51 కాస్త అరుదు, అసాధ్యం కాదు. అందులో రక్త క్యాన్సర్లను మాత్రమే విడదీస్తే వేళ్ళ మీద లెక్కపెట్టే కేసులు మిగులుతాయి. ఒక్క కేసు అటో ఇటో అయితే శాతాలు తలకిందులవుతాయి. ఇదే ఊళ్ళో పది లక్షల మంది ఉండి, ఇదే నిష్పత్తిలో క్యాన్సర్లు వచ్చి ఉంటే ఎవరికీ అనుమానం ఉండేది కాదు. జనం తక్కువగా ఉండటమే వాళ్ళ కేసుని బలహీనం చేస్తోంది. ఆదివాసీ సమాజాల్లో చాలావరకు చిన్నవే, కనుక గణాంకాల రుజువు అడిగిన ప్రతిసారీ వాళ్ళు ఓడిపోయే ఆటకే కూర్చోవాలి.

ఈలోగా అక్కడికి ఎగువన ఒక చమురు కంపెనీ వ్యర్థాల చెరువుల నుంచి ఊట బయటికి వస్తోందని 2022 మే నెలలో బయటపడింది. ఊళ్ళోవాళ్ళకు పూర్తి సంగతి తెలిసింది 2023 ఫిబ్రవరిలో, అదే చోట మరో 53 లక్షల లీటర్ల వ్యర్థ జలం పొంగిపోయాక. ఆ తర్వాత ఏడాది, ఊరివాళ్ళే నడిపించే పదేళ్ళ ఆరోగ్య అధ్యయనానికి కెనడా ప్రభుత్వం 1.2 కోట్ల డాలర్లు ప్రకటించింది. డాక్టర్ హెచ్చరించిన 18 ఏళ్ళకు.

అమెరికాలో లెక్కల గొడవ ఇంకో రకంగా ఉంది. క్యాన్సర్ రిజిస్ట్రీలో రోగి జాతి అనే గడిని నింపేది చాలాసార్లు ఆసుపత్రి గుమాస్తా, పేరునో ముఖాన్నో చూసి. అలా ఎందరో నేటివ్ అమెరికన్లు, అంటే అమెరికా ఆదివాసులు, తెల్లవాళ్ళుగా నమోదయ్యారు. కేసు తెల్లవాళ్ళ ఖాతాలోకి పోతుంది, జనాభా లెక్కలో మనిషి మాత్రం నేటివ్‌గానే ఉంటాడు. దాంతో వాళ్ళలో క్యాన్సర్ తక్కువని కాగితం చెబుతుంది. రిజిస్ట్రీలను ఆదివాసీ ఆరోగ్య సేవల పట్టికతో సరిపోల్చి దిద్దడం మొదలుపెట్టాకే అసలు బొమ్మ కొంత తెలియవచ్చింది. దిద్దని పాత అంకెలు ఇప్పటికీ అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి, చూసుకోవాలి.

జన్యువుల సంగతి కూడా చెప్పుకోవాలి. పిల్లల్లో వచ్చే ఏఎల్ఎల్ అనే లుకేమియా మీద అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి వాళ్ళు 2011లో ఒక విషయం ప్రచురించారు. వంశంలో నేటివ్ అమెరికన్ వాటా పది శాతం దాటిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. వీళ్ళలో ఎక్కువమంది హిస్పానిక్, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాల పిల్లలు. ఇంతవరకే చదివితే తలరాత అనిపిస్తుంది. కానీ కీమోథెరపీలో ఒక విడత అదనంగా ఇచ్చినప్పుడు ఆ తేడా దాదాపు పోయింది. అంటే జన్యువు వల్ల వచ్చిన చిక్కుకి కూడా విరుగుడు దొరికింది. దొరకాలంటే ఆ పిల్లలు ట్రయల్‌లో ఉండాలి, వాళ్ళ రక్తం ల్యాబ్‌కి చేరాలి.

సరిగ్గా అక్కడే ఇంకో పాత గాయం అడ్డొస్తుంది. గ్రాండ్ క్యానియన్ అడుగున నివసించే హవసుపాయ్ తెగవాళ్ళు 1990లో మధుమేహం పరిశోధన అంటే నమ్మి అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి రక్తం ఇచ్చారు. ఆ నమూనాలనే తర్వాత స్కిజోఫ్రీనియా మీదా, తెగ పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్నదాని మీదా పరిశోధనలకు వాడారు. ఎవరినీ అడగలేదు. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తాన్ని తిరిగి అప్పగించింది. నవాహో నేషన్ 2002లోనే తన నేల మీద జన్యు పరిశోధనను నిలిపేసింది. దాని వల్ల వాళ్ళకే నష్టమని అనేవాళ్ళున్నారు. నష్టం ఉన్నమాట నిజమే. కానీ ముందు ఎవరు ఎవరిని మోసం చేశారో మర్చిపోయి ఆ మాట అనడం భావ్యం కాదు.

ఇక వైద్యం. నేటివ్ అమెరికన్లకు వైద్యం అందించడం, ఒప్పందాలు చేసుకుని వాళ్ళ భూములు తీసుకున్నందుకు అమెరికా ప్రభుత్వం మీద ఉన్న బాధ్యత. అందుకోసం 1955 నుంచి ఇండియన్ హెల్త్ సర్వీస్ అనే సంస్థ నడుస్తోంది. చాలామంది దీన్ని ఇన్సూరెన్స్ అనుకుంటారు, కాదు. ఏటా అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఇచ్చినంత డబ్బుతో నడిచే ఆసుపత్రులూ క్లినిక్‌లూ ఇవి. వాటిలో రక్త క్యాన్సర్ నిపుణులు దొరకడం అరుదు. బయటి ఆసుపత్రికి పంపాలంటే రిఫరల్ కావాలి, రిఫరల్‌కి వేరే నిధి ఉంది, ఆ నిధి తరిగేకొద్దీ ప్రాణం మీదికి వచ్చిన కేసులకే చీటీ రాస్తారు. జూన్ దాటాక జబ్బు పడొద్దు అన్నది రిజర్వేషన్లలో, అంటే ఆదివాసులకు కేటాయించిన ప్రాంతాల్లో, పాత నానుడి. అక్కడ ఆర్థిక సంవత్సరం ముగిసేది సెప్టెంబర్‌లో మరి. నవాహో నేల మీద మొట్టమొదటి క్యాన్సర్ కేంద్రం ట్యూబా సిటీలో తెరుచుకున్నది 2019లో. తవ్వకాలు మొదలైన 75 ఏళ్ళకు.

రక్త క్యాన్సర్‌కి దూరం మిగతా క్యాన్సర్లకన్నా ఎక్కువ ఎందుకు తగులుతుందో చూడండి. గడ్డ అయితే ఒకసారి వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని రావచ్చు. లుకేమియాలో నెలల తరబడి కీమో, మధ్యమధ్య రక్తం ఎక్కించడం, ప్లేట్‌లెట్లు ఎక్కించడం. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో కొద్దిపాటి జ్వరమొచ్చినా ఎమర్జెన్సీయే, గంటలోపు యాంటిబయాటిక్ పడాలంటారు. తారు రోడ్డు ఎక్కడానికే గంట పట్టే ఇంట్లో ఉన్న రోగికి ఆ గంట ఏ మూలకి? డిశ్చార్జి కాగితంలో ‘చేతులు తరచూ సబ్బుతో కడుక్కోండి, పొగకీ దుమ్ముకీ దూరంగా ఉండండి’ అని రాసిస్తారు. ఇంట్లో కుళాయి లేదు, వెచ్చదనం బొగ్గు పొయ్యిది, బయట మట్టి దారి. ఇందాక జబ్బుకి కారణమేమో అని వాదించుకున్నామే, ఆ నీళ్ళూ ఆ పొగే ఇక్కడ వైద్యానికి అడ్డంకిగా మళ్ళీ ఎదురొచ్చాయి. ఈ అడ్డంకికి ఏ గణాంకాల రుజువూ అక్కర్లేదు. కుళాయి వేయడానికి కారణం తేలాల్సిన పనే లేదు.

మూలుగ మార్పిడి దాకా వెళ్తే ఇంకో మెట్టు. దాత కణాల గుర్తులు రోగివాటితో కలవాలి. ఇంట్లో ఎవరితోనూ కలవకపోతే దాతల రిజిస్ట్రీలో వెతకాలి. అమెరికా జాతీయ రిజిస్ట్రీ లెక్క ప్రకారం పూర్తిగా కలిసే దాత దొరికే అవకాశం తెల్లవాళ్ళకు 79 శాతం, నేటివ్ అమెరికన్లకు 60 శాతం మేర. ఈమధ్య సగం కలిసినా చాలన్న పద్ధతి బాగా కుదురుకుంది. దాంతో తల్లిదండ్రులో, బిడ్డలో దాతలు కావచ్చు. పెద్ద ఊరట ఇది. అయినా మార్పిడి తర్వాత సుమారు వంద రోజులు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండాలి, పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. గొర్రెల్ని, పిల్లల్ని, ముసలివాళ్ళని వదిలి మూడు నెలలు నగరంలో కూర్చునే ఆ మనిషి ఎవరన్నది డాక్టరు కన్నా ముందు కుటుంబం తేల్చుకోవాలి.

మాటల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. జరగబోయే చెడుని నోటితో అంటే అది జరుగుతుందని సంప్రదాయ నవాహో కుటుంబాలు నమ్ముతాయి. ‘నూటికి ఇంతమంది బతకరు’ అని డాక్టరు తన ధర్మంగా చెప్పే మాట వాళ్ళకు శాపనార్థంలా వినిపిస్తుంది. 1995లోనే ఒక వైద్య పత్రికలో దీని మీద చర్చ జరిగింది. అనుభవమున్న డాక్టర్లు అదే సమాచారాన్ని ‘ఇలాంటి జబ్బు వచ్చిన ఇంకొకరికి ఇలా జరిగింది’ అని మూడో మనిషి మీద పెట్టి చెబుతారు.

చివరగా డబ్బు. 1990లో వచ్చిన రేడియేషన్ పరిహార చట్టం గని కార్మికులకు లక్ష డాలర్లు, అణు పరీక్షల బూడిద పడిన ప్రాంతాల వాళ్ళకు 50 వేలు నిర్ణయించింది. జబ్బుల జాబితాలు మాత్రం వేర్వేరు. బూడిద పడినవాళ్ళ జాబితాలో లుకేమియా, లింఫోమా, మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్లు ఉన్నాయి. గనివాళ్ళ జాబితాలో ఉన్నవి ఊపిరితిత్తులూ మూత్రపిండాలే. లుకేమియా వచ్చిన ఒకే మనిషి గని కార్మికుడిగా దరఖాస్తు పెడితే తిరస్కరిస్తారు, పరీక్షల కాలంలో ఫలానా కౌంటీలో (మన జిల్లా లాంటిది) నివసించినవాడిగా పెడితే ఒప్పుకుంటారు. మొదటి అణుబాంబు పేలింది 1945 జులై 16న, న్యూ మెక్సికోలో. అదే రాష్ట్రంలో 1979లో, మళ్ళీ జులై 16నే, చర్చ్ రాక్ దగ్గర యురేనియం మిల్లు ఆనకట్ట తెగి 9.4 కోట్ల గ్యాలన్ల రేడియోధార్మిక ద్రవం ప్యుయెర్కో వాగులో కలిసింది. ఆ మొదటి బాంబు బూడిద పడిన న్యూ మెక్సికోవాళ్ళకు ఈ చట్టంలో చోటు దొరికింది 2025 జులైలో, అదీ చట్టం గడువు తీరి ఏడాది ఆగిపోయాక. బూడిద పడినవాళ్ళ పరిహారాన్ని కూడా లక్ష డాలర్లు చేశారు, 1990 దాకా పనిచేసిన గనివాళ్ళనూ చేర్చారు.

దరఖాస్తుకు ఆఖరి తేదీ 2027 డిసెంబర్ 31. జతపరచాల్సినవి ఆ రోజుల్లో ఫలానా చోట ఉన్నట్టు రుజువు, పెళ్ళి రుజువు, ఆసుపత్రి కాగితాలు. ఆ రోజుల్లో ఆ ఇళ్ళకు డోర్ నంబర్లు లేవు, కరెంటు బిల్లులు లేవు, పెళ్ళిళ్ళు సంప్రదాయ పద్ధతిలో జరిగాయి. ఇప్పుడు చనిపోయిన భర్తల తరఫున ఎనభై దాటిన భార్యలు పాత బడి రికార్డుల కోసం, గొర్రెల మేత పర్మిట్ల కోసం పెట్టెలు వెతుకుతున్నారు.